‘ఐ7’ అని రాస్తే సరిపోదు, ఏ ఏడాది ఐ7నో కూడా రాయాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లోనూ, దసరా దీపావళి ముందూ పత్రికల్లోనూ కరపత్రాల్లోనూ కంప్యూటర్ల ప్రకటనలు ఎక్కువగా వస్తాయి. ‘కోర్ ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది ఏ ఐ7 అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఐ7 అనేది ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ (కంప్యూటర్‌కు మెదడు లాంటి చిప్పు) పేరు. తొలి ఐ7 వచ్చింది 2008లో. 14వ తరం దాకా, అంటే పదిహేనేళ్లు, అదే పేరు నడిచింది. ‘డీజిల్ బండి అమ్మబడును’ అని రాసి ఏ మోడలో చెప్పకపోతే ఎవరూ బయానా ఇవ్వరు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఐ7 కదా, ఐ3 కంటే పెద్దదే’ అనుకొని తల్లిదండ్రులు డబ్బు కట్టేస్తున్నారు. రూ. 30 వేల నుంచి 50 వేల మధ్య గేమింగ్ కంప్యూటర్ కొనాలనుకునే కుటుంబాల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. అయినా వివరాలు కత్తిరించకుండా వేయమని మనవి.

ముందు ఒక్క పోలిక చూడండి. 2012లో వచ్చిన ఐ7-3770లో 4 కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరసలు), గరిష్ఠ వేగం 3.9 గిగాహెర్ట్జ్. 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100ఎఫ్‌లోనూ 4 కోర్లు, 8 థ్రెడ్లే. గరిష్ఠ వేగం 4.3 గిగాహెర్ట్జ్. కాగితం మీద ఇద్దరూ అన్నదమ్ముల్లాగే కనిపిస్తారు. ఆట తెరిచాక మాత్రం ఆ ఐ3కి ఐ7 దరిదాపుల్లోకి రాదు. ఎందుకంటే గిగాహెర్ట్జ్ అనేది సెకనుకు ఎన్ని అడుగులు వేస్తుందో మాత్రమే చెబుతుంది, ఒక్కో అడుగులో ఎంత దూరం పోతుందో చెప్పదు. పాత ఐ7 ఒకేసారి 168 ఆదేశాలను కళ్ల ముందు పెట్టుకొని, ఏది ముందు చేయొచ్చో చూసుకోగలదు. 12వ తరం కోరు 512 పెట్టుకుంటుంది. కోరుకు దగ్గరగా ఉండే చిన్న వేగవంతమైన మెమరీ, అంటే ఎల్2 క్యాష్, పాతదాంట్లో 256 కేబీ, కొత్తదాంట్లో 1.25 ఎంబీ. ఎల్3 క్యాష్ 8 ఎంబీ నుంచి 12 ఎంబీకి పెరిగింది. ర్యామ్ డీడీఆర్3 1600 నుంచి డీడీఆర్4 3200కి మారింది. ఆటలు మెమరీలో అక్కడో ముక్క ఇక్కడో ముక్క వెతుక్కుంటాయి కాబట్టి, సినిమా ఎడిటింగ్ కంటే కూడా ఆటల్లోనే ఈ క్యాష్, ర్యామ్ తేడా గట్టిగా కనిపిస్తుంది.

కోర్ల సంఖ్య చూసి మోసపోవడం ఇంకో రకం. ‘14 కోర్లు, 28 థ్రెడ్లు, జియాన్ గేమింగ్ పీసీ’ అని అమ్ముతున్నవి సాధారణంగా ఈ5-2680 వీ4 ప్రాసెసర్లు. డేటా సెంటర్లు వాడి తీసేసిన సర్వర్ల నుంచి వచ్చినవి, 2016 నాటివి. మూల వేగం 2.4, గరిష్ఠం 3.3 గిగాహెర్ట్జ్. వీడియో రెండరింగ్‌కు, ఒకేసారి నాలుగైదు వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లకు అవి నిజంగా పనికొస్తాయి. ఆటలకు కావు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేముకు (తెర మీద వచ్చే ఒక్కో బొమ్మకు) 16.7 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది, 144 హెర్ట్జ్ తెర మీద 6.9 మిల్లీసెకన్లే. ఆ లోపల ఆటలో ఎవరు ఎక్కడున్నారో, తూటా ఎవరికి తగిలిందో, ఏ వస్తువు గీయాలో తేల్చి గ్రాఫిక్స్ కార్డుకు పని అప్పగించాలి. ఇందులో పెద్ద భాగం ఒకే థ్రెడ్ మీద, ఒకదాని వెనక ఒకటిగా నడుస్తుంది. బావి దగ్గర పద్నాలుగు మంది నిలబడ్డా చేద లాగేది ఒక్కరే. ఆ ఒక్కరి చేయి నెమ్మదైతే మిగతావాళ్లు ఎదురుచూస్తారు. పైగా ఆ జియాన్లతో వచ్చే మదర్‌బోర్డుల మీద ‘ఎక్స్99’ అని ఉన్నా, చాలావాటిలో అసలు చిప్‌సెట్ (బోర్డును నడిపే చిప్పు) వేరేది ఉంటుంది. బయోస్‌కు (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చే నాథుడుండడు. బోర్డు పోతే ఆ సాకెట్‌కు (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఇంకో నమ్మకమైన బోర్డు దొరకదు.

అలాగని నాలుగు కోర్లుంటే చాలని కూడా అనను. 4 కోర్లు, 4 థ్రెడ్లు మాత్రమే ఉన్న ఐ5-4570, ఐ5-6500, ఐ3-8100 లాంటివి ఇప్పటి పెద్ద ఆటల్లో నాలుగు థ్రెడ్లూ నూటికి నూరు శాతం నిండిపోయి, ఆట ఆగి ఆగి నడుస్తుంది. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) 60 చూపిస్తున్నా చేతికి సాఫీగా అనిపించదు. ఫ్రేముల్లో అతి నెమ్మదైన ఒక శాతాన్ని లెక్కగట్టే ‘1 శాతం లో (తక్కువ)’ అనే అంకె అప్పుడు 25కో 30కో పడిపోయి ఉంటుంది. దుకాణంలో సగటు అంకె చూపిస్తే ఈ అంకె కూడా చూపించమనండి. సైబర్‌పంక్ 2077 ఆట తయారీదారులు 2023లో కనీస అవసరాన్ని ఐ7-6700కో, ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ అయిన రైజెన్ 5 1600కో పెంచారు. ఒకటి 8 థ్రెడ్లది, ఇంకోటి 12 థ్రెడ్లది. పెద్ద ఆటల కోసం ఇవాళ కొనేదానిలో 8 థ్రెడ్లు కనీసం, 12 ఉంటే నిశ్చింత.

అసలు ప్రాసెసర్ కన్నా ఎక్కువ దెబ్బ తీసేది దాన్ని కూర్చోబెట్టే బోర్డు. పాత ఐ7-2600, 3770లను ఇప్పుడు కొత్తగా తయారైన హెచ్61 బోర్డుల మీద పెట్టి, ‘బోర్డుకు కొత్త వారంటీ’ అని అమ్ముతున్నారు. బోర్డు కొత్తదే కావచ్చు, దాని చిప్‌సెట్ 2011 నాటిది. డిస్కులు తగిలించే దాని సాటా పోర్టుల వేగం సెకనుకు 3 గిగాబిట్లే. సెకనుకు 550 ఎంబీ చదవగల ఎస్‌ఎస్‌డీ పెట్టినా దాదాపు సగం వేగంతోనే పనిచేస్తుంది. ర్యామ్ స్లాట్లు రెండే, గరిష్ఠం 16 జీబీ. చిప్‌సెట్‌లో యూఎస్‌బీ 3 లేదు. పాత పద్ధతి బయోస్ ఉన్న బోర్డుల్లో కొత్త గ్రాఫిక్స్ కార్డు పెడితే తెర వెలగని సందర్భాలూ ఉన్నాయి. అక్కడ కొన్న డీడీఆర్3 ర్యామ్ రేపు ఏ కొత్త బోర్డుకూ పనికిరాదు. అంటే రెండేళ్ల తర్వాత అప్‌గ్రేడ్ చేద్దామంటే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ పారేయాలి. ఇప్పుడు మిగిలిందనుకున్న నాలుగైదు వేలూ అప్పుడు రెట్టింపుగా పోతాయి.

ఈ తరాలకు ఇంకో పెద్ద లోటు ఏవీఎక్స్2. 2వ, 3వ తరం ఇంటెల్‌లోనూ, అదే కాలపు జియాన్ వీ1, వీ2ల్లోనూ ఈ ఆదేశాల సమూహం లేదు. 2013లో 4వ తరంతో వచ్చింది. ఇప్పటి ఆటలు కొన్ని ఇది లేకపోతే అసలు తెరుచుకోవు. నెమ్మదిగా నడవడం కాదు, క్లిక్ చేయగానే మూసుకుపోతాయి. గ్రాఫిక్స్ కార్డు ఎంత మంచిదైనా దీనికి మందు లేదు.

విండోస్ సంగతి కూడా ఇప్పుడు తీవ్రంగా ఆలోచించాల్సిందే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్‌లో 8వ తరం, రైజెన్‌లో 2000 శ్రేణి మొదలుకొని పైవే చెల్లుతాయి, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. ‘ఏం ఫరవాలేదు, పాతదాని మీదే విండోస్ 11 ఎక్కించి ఇస్తాం’ అంటారు. ఎక్కుతుంది, నిజమే. తర్వాత పిల్లలు వాలరెంట్ తెరిస్తే వ్యాన్ 9001 అనే లోపం వచ్చి ఆట ఆగిపోతుంది. విండోస్ 11 మీద ఆ ఆట దొంగాట నివారణ సాఫ్ట్‌వేర్ టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సదుపాయం) రెండూ అడుగుతుంది. 2025లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 కూడా సెక్యూర్ బూట్ లేకుండా నడవదు. ఆన్‌లైన్ ఆటల దారి అటే పోతోంది. కొత్త బోర్డుల్లోనూ ఇదే లోపం వస్తే కంగారు పడొద్దు. బయోస్‌లోకి వెళ్లి టీపీఎం ఆన్ చేయాలి, దాని పేరు ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం. పాత పద్ధతి బూటింగ్‌కు ఉండే సీఎస్‌ఎం ఆఫ్ చేసి సెక్యూర్ బూట్ ఆన్ చేయాలి. అయితే సీఎస్‌ఎం ఆఫ్ చేసే ముందు డిస్కు విభజన కొత్తదైన జీపీటీ పద్ధతిలో ఉందో లేదో చూసుకోవాలి. పాతదైన ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే కంప్యూటర్ బూట్ కాదు. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టుతో డేటా పోకుండా మార్చుకోవచ్చు. ముఖ్యమైన ఫైళ్లను మాత్రం ముందే వేరే చోట దాచుకోండి.

ఇంతకీ ఏది కొనాలి? పదేళ్ల పాత యంత్రం వద్దు. నిన్న మొన్న విడుదలైనదీ ఈ బడ్జెట్‌కు అక్కర్లేదు. 2022 నాటి ప్రాసెసర్‌ను కొత్తగా, వారంటీతో, బిల్లుతో కొనడమే సరైన దారి అని నా గట్టి అభిప్రాయం. ఆ ఏడాది వచ్చినవాటిలో మూడు చూడాలి. ఐ3-12100ఎఫ్, ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 5600. మొదటిది 4 కోర్లు 8 థ్రెడ్లు, మిగతా రెండూ 6 కోర్లు 12 థ్రెడ్లు. రైజెన్ 5 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ. 12100ఎఫ్‌ను ఒక మామూలు హెచ్610 బోర్డు మీద పెట్టినా గ్రాఫిక్స్ స్లాటుకు పీసీఐఈ (కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా దారి) 4.0 వేగం దొరుకుతుంది. తర్వాత డబ్బు సర్దుబాటైనప్పుడు అదే బోర్డులో 12400ఎఫ్ పెట్టుకోవచ్చు. 13100ఎఫ్, 14100ఎఫ్ అని కొత్త పేర్లతో వచ్చినవి దాదాపు ఇదే ప్రాసెసర్, గిగాహెర్ట్జ్ కాస్త పెంచారంతే. ధర సమానంగా ఉంటే తీసుకోండి, పేరు కోసం వెయ్యి రూపాయలు అదనంగా పెట్టకండి. 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లలో వోల్టేజీ వల్ల దెబ్బతినే లోపం బయటపడి, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) దిద్దుబాటు ఇచ్చి వారంటీ రెండేళ్లు పెంచిన మాట చాలామంది విన్నదే. 12వ తరానికి ఆ లోపం లేదు.

ఏఎండీ అంకెల్లో మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి. ఇంటెల్‌లో చివరి మూడంకెలు వదిలేస్తే ముందున్నది తరం. 3770 అంటే 3వది, 12100 అంటే 12వది. రైజెన్‌లో అంత సూటిగా తెలియదు. 4500, 5500, 5600, 5600జీ నాలుగూ ‘రైజెన్ 5’లే, నాలుగింటికీ 6 కోర్లు 12 థ్రెడ్లే. కానీ ఎల్3 క్యాష్ 4500లో 8 ఎంబీ, 5500లోనూ 5600జీలోనూ 16 ఎంబీ, 5600లో 32 ఎంబీ. 5600 తప్ప మిగతా మూడింటికీ పీసీఐఈ 3.0 మాత్రమే. 5500కూ 5600కూ ధరలో తేడా వెయ్యి రెండు వేలే అయితే కళ్లు మూసుకొని 5600 తీసుకోవచ్చు. 4500 మాత్రం 2022లో విడుదలైనా లోపల ఉన్నది 2019 నాటి నమూనా. దాన్ని గేమింగ్‌కు సిఫారసు చేయలేను.

పీసీఐఈ 3.0 అయితే ఏమవుతుంది అని అడిగేవాళ్లకు ఒక లెక్క. తక్కువ ధర గ్రాఫిక్స్ కార్డుల్లో ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఒకటి. దానికి 4 లేన్లే (డేటా వెళ్లే వరసలు) ఉన్నాయి, మెమరీ కూడా 4 జీబీయే. మెమరీ నిండిపోయినప్పుడల్లా అది ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి. పీసీఐఈ 4.0లో ఆ నాలుగు లేన్ల గుండా సెకనుకు సుమారు 7.9 జీబీ వస్తుంది. 3.0లో 3.9 జీబీ. ఐ7-2600 లాంటి 2.0 యంత్రంలో 2 జీబీ. అదే కార్డు ఒక ఇంట్లో సాఫీగా, ఇంకో ఇంట్లో జర్కులతో నడవడానికి కారణం ఇదే. కాబట్టి పాత బోర్డు ఉన్నవాళ్లు ఆ కార్డు జోలికి పోవద్దు. ఆర్‌ఎక్స్ 6600 లాంటి 8 లేన్లు, 8 జీబీ ఉన్న కార్డుకు 3.0 బోర్డు మీద కూడా పెద్ద నష్టం లేదు. ఇంటెల్ ఆర్క్ కార్డులది మరో షరతు. బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండాలి, లేకపోతే వేగం దారుణంగా పడిపోతుంది. 2024 డిసెంబర్‌లో వచ్చిన బీ580 మంచి కార్డే. కానీ దాని డ్రైవరు సాఫ్ట్‌వేర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుంది. పాత ప్రాసెసర్ పక్కన పెడితే కార్డు సత్తా బయటికి రాదు.

మరి పాతదే సరైన నిర్ణయమయ్యే సందర్భాలు లేవా? ఉన్నాయి. ఇంట్లో ఇప్పటికే బీ450 బోర్డు మీద రైజెన్ 5 1600, 2600 లాంటివి నడుస్తుంటే కొత్త కంప్యూటర్ కొనక్కర్లేదు. ఆ బోర్డును, ర్యామ్‌ను అలాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటి 5600కు మార్చండి. ఈ ఏఎండీ బోర్డుల్లో ఉండే ఏఎం4 సాకెట్ మేలు ఇదే. 2017 నాటి బోర్డులకు కూడా 2022లో ఈ ప్రాసెసర్ల మద్దతు అధికారికంగా వచ్చింది. కానీ వరస తప్పకూడదు. పాత ప్రాసెసర్ ఉండగానే బోర్డు కంపెనీ సైటు నుంచి మీ మోడలుకు తగిన కొత్త బయోస్ తెచ్చి ఎక్కించాలి. ఆ తర్వాతే ప్రాసెసర్ విప్పాలి. ముందు విప్పేసి కొత్తది పెడితే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ‘ప్రాసెసర్ డెడ్’ అని తిరిగి తెచ్చేవాటిలో చాలావరకు ఈ బాపతే. బయోస్ ఎక్కుతున్నప్పుడు కరెంటు పోతే బోర్డు పాడవుతుంది కాబట్టి యూపీఎస్ మీదే చేయండి. కొత్త బయోస్‌తో ఇంకో లాభం ఉంది. ఎఫ్‌టీపీఎం ఆన్ చేస్తే ఆట మధ్యలో క్షణం పాటు బిగుసుకుపోయే లోపాన్ని ఏఎండీ 2022లో బయోస్ ద్వారానే సరిచేసింది.

విప్పడంలోనూ ఒక కిటుకు తెలియాలి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ప్రాసెసర్‌కూ, దాన్ని చల్లబరిచే కూలర్‌కూ మధ్య పూసిన పేస్టు ఏళ్ల తరబడి ఎండి రెండింటినీ అతికించేస్తుంది. నిట్టనిలువునా లాగితే లీవరు వేసి ఉన్నా ప్రాసెసర్ ఊడి కూలర్‌తో పాటు వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకే పది నిమిషాలు ఏదైనా ఆట నడిపి పేస్టు వేడెక్కాక ఆపి, ప్లగ్గు తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేశాకే పైకి ఎత్తాలి. ఇంటెల్‌లోనూ, ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5లోనూ పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి. సెకండ్ హ్యాండ్ బోర్డు కొంటే డబ్బివ్వకముందే మొబైల్ టార్చి వేసి సాకెట్‌ను పక్క నుంచి చూడండి. వరసలన్నీ ఒకేలా మెరవాలి. ఎక్కడైనా ఒక్క మెరుపు తేడాగా కనిపించినా వద్దనండి.

ఇంటెల్ పాత బోర్డుల వాళ్లకు ఈ అదృష్టం లేదు. 6, 7 తరాల హెచ్110 బోర్డు సాకెట్, 8వ తరం సాకెట్ చూడ్డానికి ఒకటే. రెండింటి పేరూ ఎల్‌జీఏ1151. ఐ3-8100 అందులో చక్కగా కూర్చుంటుంది. కానీ పనిచేయదు. ఇలాంటి బోర్డు ఉన్నవాళ్లు అదే తరంలో ఐ7-6700, 7700 సెకండ్ హ్యాండ్‌లో బాగా చౌకగా దొరికితే తప్ప దాని మీద డబ్బు పెట్టొద్దు. వాళ్ల డీడీఆర్4 ర్యామ్‌కు మాత్రం విలువ ఉంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. మెమరీ కంపెనీలు ఏఐ డేటా సెంటర్లకు సరుకు మళ్లించడమే దీనికి మూలం. ఇలాంటప్పుడు చేతిలో ఉన్న 16 జీబీ డీడీఆర్4ని హెచ్610 బోర్డులోకి తెచ్చుకుంటే వేలల్లో ఆదా. హెచ్610 బోర్డులు డీడీఆర్4వి, డీడీఆర్5వి రెండు రకాలూ దొరుకుతాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దూరదు. ఆర్డరిచ్చే ముందు పెట్టె మీద చూసుకోవాలి.

ఆఫీసులు లీజు అయిపోయి తీసేసిన బ్రాండెడ్ కంప్యూటర్ డబ్బాలు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్లా, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. మొత్తం బడ్జెట్టే రూ. 20 వేల లోపు ఉండి, వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి తక్కువ సెట్టింగుల్లో ఆడుకుంటే చాలనుకునే వాళ్లకు ఇవి పనికొస్తాయి. అయితే 8వ తరం లేదా ఆపైది అయితేనే కొనండి, 6 కోర్ల ఐ5-8500 దొరికితే ఇంకా మంచిది. సన్నటి డబ్బా అయితే పొట్టి సైజు గ్రాఫిక్స్ కార్డే పడుతుంది. కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ 200 నుంచి 300 వాట్ల మధ్య ఉంటుంది, చాలావాటిలో బోర్డుకు వెళ్లే ప్లగ్గు మామూలు 24 పిన్నులది కాదు, కాబట్టి బయట కొన్న ఎస్‌ఎంపీఎస్ తగలదు. అందులో పెట్టే కార్డు 75 వాట్ల లోపల, విడిగా పవర్ ప్లగ్గు అడగనిదై ఉండాలి. జీటీఎక్స్ 1650లో అలాంటి రకం ఉంది.

ఏఎం5 గురించి అడిగేవాళ్లు ఎక్కువవుతున్నారు. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన ఆ సాకెట్‌కు 2027 దాటే దాకా మద్దతు ఇస్తామని ఏఎండీ ప్రకటించింది. కాబట్టి ముందుచూపుతో చూస్తే అదే మంచిది. రైజెన్ 5 7500ఎఫ్, 7600 బలమైన ప్రాసెసర్లు. అడ్డంకి ర్యామ్. అక్కడ డీడీఆర్5 తప్ప వేరేది పట్టదు. బోర్డు ధరా ఎక్కువే. ఈ రెంటి కోసం గ్రాఫిక్స్ కార్డును ఒక మెట్టు దించాల్సి వస్తే ఆ నిర్ణయం తప్పు. ఆటలో కంటికి కనిపించేది కార్డు పనే. వంద రూపాయల్లో 40 నుంచి 45 కార్డుకు పోవాలి, ప్రాసెసర్, బోర్డు కలిపి 25 నుంచి 30 దాటకూడదు. మిగిలినదాంట్లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ రావాలి. ఈ లెక్కలో ఏఎం5 ఇమిడితే సంతోషంగా కొనండి.

గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనలేని వాళ్లు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ కొనకూడదు. అందులో డిస్‌ప్లే భాగం పనిచేయదు, కార్డు లేకుండా తెర వెలగదు. వాళ్లకు రైజెన్ 5 5600జీ నయం, చిన్న ఆటలు దాంతోనే నడుస్తాయి. అయితే దాని గ్రాఫిక్స్ మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి 8 జీబీ స్టిక్కులు రెండు ఉండాలి. 16 జీబీ స్టిక్కు ఒకటే పెడితే మెమరీ దారి సగమై ఆట నడక బాగా తగ్గుతుంది. కార్డు ఉన్నవాళ్లకూ రెండు స్టిక్కులే మేలు. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. బయోస్‌లో ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ 2133కో 2400కో 2666కో ఆగిపోతుంది. దుకాణంలో బిగించి ఇచ్చిన యంత్రాల్లో ఇది మర్చిపోవడం సర్వసాధారణం. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్, మెమరీ అని చూస్తే వేగం అంకె కనిపిస్తుంది. ఒక్క నిమిషం పని.

ఎస్‌ఎంపీఎస్ విషయంలో దయచేసి రాజీ పడకండి. డబ్బా మీద ‘450 వాట్’ అని పెద్దగా ఉంటుంది. పక్కన స్టిక్కరు మీద 12 వోల్టుల గీత దగ్గర ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. 36 ఆంపియర్లుంటే 432 వాట్లు, అది నిజమైన 450. 16 ఆంపియర్లే ఉంటే 192 వాట్లు. ఆర్‌ఎక్స్ 6600కు 132 వాట్లు, అంటే 11 ఆంపియర్లు. ప్రాసెసర్‌కు ఆటలో 5, 6 ఆంపియర్లు. అప్పుడే అంచుకు వచ్చేశాం. కార్డుకు వెళ్లే 6 లేదా 8 పిన్నుల తీగ ఎస్‌ఎంపీఎస్ నుంచే రావాలి. హార్డ్ డిస్కు ప్లగ్గు నుంచి మార్చే అడాప్టర్ పెడితే ప్లాస్టిక్ కరిగిపోవచ్చు. మన ఎండల్లో గది వేడి 38, 40 డిగ్రీలు ఉన్నప్పుడు చవక ఎస్‌ఎంపీఎస్ ముందుగా చేతులెత్తేస్తుంది, పోతూ పోతూ బోర్డునూ తీసుకుపోవచ్చు. కరెంటు బిల్లు పేరు చెప్పి మాత్రం ఎవరైనా కొత్తది అంటగడితే నమ్మొద్దు. ఆటలో 40 వాట్ల తేడా, రోజుకు నాలుగు గంటలు అనుకున్నా ఏడాదికి 58 యూనిట్లే.

ఉన్న కంప్యూటర్‌లో నిజంగా ప్రాసెసరే అడ్డంకా అన్నది ఖర్చు పెట్టే ముందే తేల్చుకోవచ్చు. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితం. దాంతో ఆట ఆడుతూనే తెర మూలన అంకెలు చూడొచ్చు. ఫ్రేములకు పరిమితి పెట్టి ఉంటే, ఫ్రేములను తెర వేగానికి కట్టేసే వీసింక్ ఆన్‌లో ఉంటే ముందు తీసేయండి. గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 శాతం పైన ఉంటే ప్రాసెసర్ బాగానే ఉంది, మార్చితే డబ్బు దండగ. కార్డు 60 శాతం దగ్గర తిరుగుతూ ఆట నెమ్మదిస్తే తప్పు ప్రాసెసర్‌దో ర్యామ్‌దో. ఇక్కడ ప్రాసెసర్ మొత్తం శాతం చూసి పొరబడొద్దు. 8 థ్రెడ్లలో ఒక్కటి పూర్తిగా నిండినా మొత్తం మీద 12.5 శాతమే కనిపిస్తుంది. ఒక్కో థ్రెడ్ విడిగా చూడాలి. ఇంకో సులువు మార్గం రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించడం. ఎఫ్‌పీఎస్ పెరిగితే కార్డు, పెరగకపోతే ప్రాసెసర్.

చివరగా మీ పత్రికకూ, ప్రకటనలిచ్చే దుకాణాలకూ ఒక విన్నపం. కంప్యూటర్ ప్రకటనల్లో ‘ఐ5’, ‘ఐ7’ అనే పేరు పక్కన పూర్తి మోడల్ అంకె, అది విడుదలైన సంవత్సరం తప్పనిసరి చేయండి. పాఠకులు బిల్లు మీద ప్రాసెసర్ పూర్తి మోడల్, పెట్టెలో వచ్చిందా విడిగా వచ్చిన ట్రే సరుకా, బోర్డు మోడల్, ర్యామ్ ఎన్ని స్టిక్కులు ఎంత వేగం, ఎస్‌ఎంపీఎస్ మోడల్, ఒక్కోదాని సీరియల్ నంబరు రాయించుకోవాలి. పెట్టెలో వచ్చే ప్రాసెసర్‌కు ఇంటెల్, ఏఎండీ రెండూ మూడేళ్ల వారంటీ ఇస్తాయి, కూలర్ కూడా సాధారణంగా అందులోనే ఉంటుంది. ట్రే సరుకుకు అమ్మినవాడి మాటే వారంటీ. ధర ఐదారు వందలు తక్కువని అటు మొగ్గితే కూలర్ కొనడానికే ఆ మిగులు సరిపోదు.

ఇట్లు,
కంప్యూటర్ హార్డ్‌వేర్ సర్వీసు పనిలో ఉన్న ఒక పాఠకుడు,
సికింద్రాబాద్